ఈ ఇంట్లో కన్నుమూసినామె

1879 ఫిబ్రవరి 26, విభూతి బుధవారం

గుళ్ళో ఫాదరు నొసట పెట్టిన బూడిద ఇంకా రాలనేలేదు, బడిపంతులు పిలాదే వచ్చి ఇంకో గుప్పెడు మొహాన కొట్టి పోయాడు. మా ఇంటి వీధి గోడకి చలవరాతి పలక బిగిస్తారట. ఎవారిస్తో బెరార్ది వస్తున్నాడట. నవలా రచయిత, కవి, ఇటలీ అంతటినీ ఏడిపించిన మహానుభావుడు. ఇరవై ఏళ్ళ తర్వాత పుట్టిన ఊరు గుర్తొచ్చింది.

పంతులు జేబులోంచి కాగితం తీసి, గొంతు సవరించుకుని, పలక మీద చెక్కించే మాటలు చదివాడు.

"ఈ ఇంట్లో, 1859 వసంతంలో, లవీనియా అనే పేరుతో లోకం ఎవరికోసం కన్నీరు పెట్టుకుందో ఆమె కన్నుమూసింది."

"ఎవరు మాస్టారూ కన్నుమూసింది?" అన్నాను.

"లవీనియా అయ్యా! 'మంచులో లవీనియా' నవల చదవని వాడివి నువ్వొక్కడివే ఉన్నట్టున్నావు."

"ఆ లవీనియా మా చెల్లెలేనని ఊరంతా అంటారు కదా. మా చెల్లెలు లోపల మీ కాలరుకే గంజి పెడుతోంది."

"అది జీవితం గాస్పరే. ఇది సాహిత్యం."

లోపలి నుంచి ఎర్సిలియా ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది. "మాస్టారూ, చచ్చినదాని చేత కాలర్లు ఇస్త్రీ చేయించుకుంటే మెడకి మంచిది కాదేమో, ఆలోచించుకోండి!" అని కేక వేసింది.

పంతులు మెడ తడుముకుంటూ వెళ్ళిపోయాడు. ఎర్సిలియా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 27

రాత్రంతా నిద్ర లేదు. వాడు రానీ, చెప్తాను.

అప్పట్లో మా ఊరు పోపు ఏలుబడిలో ఉండేది. ఎదురు తిరిగాడని పోపు సైనికులు వెతుకుతుంటే ఆ చలికాలం మూడు నెలలు వాణ్ణి మా అటక మీద దాచాను. నా రొట్టె తిన్నాడు, నా వైను తాగాడు, నేను కుట్టిన పరుపు మీద పడుకున్నాడు. ఎర్సిలియాకి అప్పుడు ఇరవై ఒకటి. అటకెక్కి భోజనం పెట్టి రావడానికి దానికి రానురాను ఎక్కువసేపు పట్టేది. మంచు కరగ్గానే వాడు టురిన్‌కి పారిపోయాడు. అయిదేళ్ళకి పుస్తకం అచ్చేశాడు.

ఆ పుస్తకంలో లవీనియా అనే పిల్ల ప్రియుడి ఉత్తరం కోసం ఎదురుచూసి ఎదురుచూసి చచ్చిపోతుంది. దాని అన్న తుల్లియో తాగుబోతు. వచ్చిన ఉత్తరాన్ని పొగపైపు ముట్టించుకోవడానికి కాల్చేస్తాడు. అన్న ఏ పని చేస్తాడో వాడు రాయలేదు, కానీ వేళ్ళకి ఎప్పుడూ ఉన్ని అంటుకుని ఉంటుందని రాశాడు. ఊళ్ళో పరుపులు కుట్టేవాణ్ణి నేనొక్కణ్ణే.

పదిహేనేళ్ళుగా సారాకొట్లో అడుగు పెడితే చాలు, వడ్రంగి తొగ్నో పైపు నోట్లో పెట్టుకుని, "గాస్పరే, నీ దగ్గర ఉత్తరమేమన్నా ఉందట్రా? అగ్గిపుల్లలు అయిపోయాయి" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఊరందరినీ ఆటపట్టించే వాణ్ణి, నవ్వకపోతే ఎలా?

నేను ఏ ఉత్తరమూ కాల్చలేదు. మేరీమాత మీద ఒట్టు.

మార్చి 2

దొరికింది! పొద్దున్న పూజలో ఫాదరు ప్రసంగం సగంలో ఉండగా దొరికింది. నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను.

వాడు వచ్చేది ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సుకాలంలో నడిమి గురువారానికి. అంటే ముసలమ్మని కోసే రోజు. రెండు నిలువుల ముసలమ్మ బొమ్మని బండి మీద ఊరేగించి, చౌకులో నిలబెట్టి, వడ్రంగులు రంపంతో నడుం కోస్తే, పొట్టలోంచి ఎండు అత్తిపళ్ళూ అక్రోట్లూ నారింజలూ రాలతాయి. ఆ ముసలమ్మని పద్దెనిమిదేళ్ళుగా కుడుతున్నది ఎవరు? ఈ గాస్పరే. కోతకి ముందు నోటరీ వేషం వేసి ముసలమ్మ వీలునామా చదివేది ఎవరు? ఈ గాస్పరే.

వీలునామాలో ఎవరి పేరొస్తే వాళ్ళు టోపీ తీసి, నడుం వంచి, ఇచ్చింది పుచ్చుకోవాలి. మేయరైనా సరే, ఫాదరైనా సరే. కోపం తెచ్చుకున్నవాడితో ఈస్టర్ దాకా ఊళ్ళో ఎవరూ మాట కలపరు. పోపు ఏలినప్పుడూ అంతే, రాజు ఏలుతున్నప్పుడూ అంతే.

మేయరు మేడ మీద, ఊరంతా చూస్తుండగా, ఎవారిస్తో బెరార్ది టోపీ తీసి నాకు వంగుతాడు.

ముసలమ్మకి వాడి మొహం కుడతాను. ఆ ముక్కు నాకు బాగా గుర్తు.

మార్చి 5

ఎర్సిలియాని పదిహేను రోజులు చెసేనాలో మా అత్త దగ్గరికి వెళ్ళి రమ్మన్నాను.

"ఎందుకూ?"

"నీకు బాధ కలుగుతుందని."

"నా చావు పలక నేను చూసుకోవద్దా అన్నయ్యా? అందరికీ దక్కుతుందా ఈ అదృష్టం?" అంది. గంజినీళ్ళు చిలకరిస్తూ, నా వైపు చూడకుండా మళ్ళీ అడిగింది. "ఒక సంగతి చెప్పు. పుస్తకంలో ఉత్తరం వస్తుంది కదా. నిజంగా రాశాడంటావా?"

"కవులు లేని ఉత్తరాలు కూడా రాస్తారే."

"అవునులే. రాస్తే వచ్చేది."

"వచ్చేది" అన్నాను నేనూ.

పోనంటోంది చెసేనాకి. మొండి ఘటం. నేను చెప్పేది దాని మంచి కోసమే.

మార్చి 8

వీలునామాలో వాడి భాగం కుదిరింది.

*కన్నీళ్ళు అమ్మి కోటు కొన్న కవికి*
*నా చినిగిన లంగా, ముక్కు తుడుచుకోడానికి.*
*తిన్న ఇంటికి సున్నం పెట్టిన చేతికి*
*నా ఊడిన పళ్ళు, మాట మీద నిలబడ్డానికి.*

నాలుగో తరగతితో బడి మానేసినవాడికి ఇది తక్కువేం కాదు. నలభై సానెట్ల కవి ముందు చదవబోతున్నాను. తొగ్నోకి వినిపిస్తే, "ఒరేయ్, అతగాడు గుండె ఆగి మా రంపం కింద పడితే నాకు సంబంధం లేదు" అన్నాడు.

మార్చి 11

వాన. ఏమీ రాయబుద్ధి కాలేదు.

మార్చి 13

మధ్యాహ్నం తాగాను. తాగుబోతు తుల్లియో అన్నారు కదా, అలాగే కానీ.

కాల్చలేదు. కుట్టాను.

ఆ ఏడు మే నెలలో, ఎర్సిలియా ఏటికి బట్టలు తీసుకుని వెళ్ళినప్పుడు వచ్చింది ఆ ఉత్తరం. దాని పరుపు విప్పి నడవాలో ఉన్ని ఏకుతున్నాను. చదివాను. టురిన్‌లో రెండు గదులు చూశాడట, పెళ్ళి చేయడానికి ఫాదరు ఒప్పుకున్నాడట, రమ్మన్నాడు. ఎలా పంపిస్తాను? ఊపిరితిత్తుల జబ్బుతో అమ్మ పోయి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు. టురిన్ పొగమంచుకి ఎర్సిలియా కూడా అలాగే అయ్యేది. ఇంట్లో నాకు ఎవరు వండేవారు అన్నది అసలు సంగతే కాదు. దాని ఊపిరితిత్తుల గురించే ఆలోచించాను.

తర్వాత ఇద్దామనుకున్నాను. ఉన్ని కూరాను, ఉత్తరం మధ్యలో పెట్టాను, దబ్బనంతో చుట్టూ కుట్టేశాను. మర్నాడు ఇద్దామనుకున్నాను.

ఏటా మే నెలలో ఆ పరుపు నేనే విప్పుతాను. దాన్ని ఏటికి పంపి విప్పుతాను. ఉత్తరాన్ని ఎండలో పెడతాను, మడతలు సరిచేస్తాను, మళ్ళీ లోపల పెట్టి కుడతాను. ఇరవై సార్లు. అంత జాగ్రత్తగా ఎవడు చూస్తాడు ఇంకొకరి ఉత్తరాన్ని? కాల్చానని రాస్తాడా వాడు!

దానికి నేను రాసిన జవాబు సంగతి ఇక్కడ అనవసరం.

మార్చి 16

మేయరు భార్య కబురు పెట్టింది. కవిగారు పడుకునే పరుపు ఉండలు కట్టిందట, మళ్ళీ ఏకి కుట్టాలట. దేవుడున్నాడు!

ఉన్ని మేఘంలా ఏకాను. ఎడమ పక్కన, పక్కటెముకల కింద వచ్చే చోట, చెస్ట్‌నట్ ముళ్ళతొక్కలు తొమ్మిది పెట్టాను. కూర్చుని నొక్కి చూస్తే తెలియదు. పడుకుని, వేడెక్కి, మనిషి అటు తిరిగితేనే పైకి లేస్తాయి. ముప్ఫై ఏళ్ళ పనితనం అది. మేయరు భార్య అరచేత్తో ఒత్తి చూసి, "నీ చేతిలో ఏదో మహిమ ఉంది గాస్పరే" అంది.

"అంతా మీ దయ అమ్మగారూ" అన్నాను.

మార్చి 17

వచ్చాడు. బండి దిగుతుంటే చూశాను. లావయ్యాడు. మీసానికి రంగు. ముసలమ్మకి నేను కుట్టిన ముక్కు ఇంకో వేలెడు పొడుగు చెయ్యాలి.

మార్చి 18

కుంటుతున్నాడు! పొద్దున్నే చేతికర్ర ఆనించుకుని ఎడమ పక్క పట్టుకుని నడుస్తున్నాడు. "కవిగారికి పాత బాధ తిరగబెట్టింది, పుట్టిన ఊరి గాలి తగిలింది కదా" అని పంతులు అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

నవ్వు అక్కడితో సరి. పదిగంటలకి వాడు ఒక్కడే మా ఇంటికొచ్చాడు. ఎర్సిలియా ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి వెళ్ళింది. నేను గుమ్మంలో ఉన్నాను. తిట్టడానికి నోరు తెరిచాను. వాడు నన్ను కావలించుకుని ఏడ్చాడు.

"గాస్పరే, నన్ను క్షమించు. కథకి ఒక దుర్మార్గుడు కావాల్సి వచ్చింది. నువ్వు తప్ప ఇంకో మనిషి నాకు తోచలేదు. నువ్వు పెట్టిన అన్నం తిని నిన్ను అలా రాశాను."

వాడు కోటు లోపలి జేబులోంచి తోలుసంచీ తీశాడు, అందులోంచి పసుపుబారిన కాగితం. నా దస్తూరీ. రెండే వాక్యాలు. *మీ ఉత్తరం రాకముందే ఎర్సిలియా పోయింది. ఇంక రాయొద్దు.*

"ఇరవై ఏళ్ళుగా గుండె మీద పెట్టుకున్నాను" అన్నాడు. "ఒక్కటి అడగనా? చివర్న ఏమన్నా అందా?"

అప్పుడు అర్థమైంది నాకు. పలక మీద మాటలు ఊరివాళ్ళకి సాహిత్యం, వీడికి నిజం. ఎర్సిలియా చచ్చిపోయిందనే వీడు ఇరవై ఏళ్ళు నమ్మాడు. పలక సంగతి వీడికి రాసినప్పుడు ఊరు తలుచుకుంది పుస్తకంలో చావుని, వీడు నిజం మనిషి చావు అనుకున్నాడు.

"మీ పేరు తలుచుకుంది" అన్నాను.

మళ్ళీ కావలించుకున్నాడు. సందు మలుపు దాటేదాకా చూశాను. కాసేపటికే ఆ మలుపులోంచే ఖాళీ బుట్ట ఊపుకుంటూ ఎర్సిలియా వచ్చింది.

వీడు మంచివాడిలా ఏడిస్తే నేను జాలిపడతానా? ఇంకా ఎక్కువ ద్వేషిస్తాను. తాగి, తిరిగి, ఇంకొకత్తెని చేసుకుని ఉంటే ఈ గొడవే లేకపోయేది. ఎవడు గుండె మీద పెట్టుకోమన్నాడు?

రెండు రోజులు. రెండు రోజులు దీన్ని చౌకుకి రానివ్వకపోతే చాలు.

మార్చి 19, సెయింట్ జోసెఫ్ పండగ

పొద్దుటి నుంచీ తొగ్నో పాకలో ముసలమ్మకి తల బిగిస్తున్నాం. పొట్ట వదులుగా ఉంది, ఉన్ని చాలలేదు. తొగ్నో అందరి ఇళ్ళకీ కబురు పెట్టాడట, మిగులు ఉన్ని ఉంటే ఇమ్మని. నాకు చెప్పలేదు.

మూడింటికి మోపు ఉన్ని వచ్చింది. మెత్తటి తెల్లటి ఉన్ని. చేత్తో పట్టుకోగానే తెలిసింది. ఇరవై సార్లు ఏకిన ఉన్ని నాకు తెలియదా?

ఇంటికి పరిగెత్తాను. ఎర్సిలియా ఎప్పటిలాగే ఇస్త్రీ చేస్తోంది.

"నా పరుపులో సగం ఇచ్చేశాను" అంది. "ముసలమ్మకి పొట్ట లేదని తొగ్నో ఏడుస్తుంటేను. ఎలాగూ మే నెలలో నువ్వు విప్పేదే కదా."

"నువ్వెందుకు విప్పావే? నాకు చెప్తే..."

"నువ్వు లేవుగా. మళ్ళీ కుట్టేశాను కూడా. చూసుకో, నీ కుట్టు కంటే నా కుట్టే సన్నం."

"లోపల ఏమన్నా... పురుగు పట్టిందా?"

"ఏముంటుంది లోపల? ఉన్ని."

ఇస్త్రీపెట్టె ఎత్తి చెంప దగ్గర పెట్టుకుని వేడి చూసింది. మొహంలో ఏమీ లేదు.

చూడలేదు. ఉన్ని సగమే తీసింది కదా, పైసగం తీసి ఉంటుంది. ఉత్తరం అడుగుసగంలో ఉంటుంది. నేనే పెట్టాను, నాకు తెలుసు. చూడలేదు.

కాళ్ళు నొప్పులని రేపు ఇంట్లోనే ఉంటానంది. ఇంకేం కావాలి?

మార్చి 21

నిన్న రాయలేకపోయాను.

చౌకు కిక్కిరిసింది. ముసలమ్మ మొహం చూడగానే జనం గొల్లుమన్నారు, ఆ ముక్కు, ఆ మీసం. మేయరు మేడ మీద వాడు కూడా నవ్వాడు పాపం, ఎడమ పక్క పట్టుకుని. నేను నోటరీ నల్ల అంగీ, పొడుగు టోపీ వేసుకుని బండి మెట్లెక్కబోతున్నాను. చేతిలో కాగితం.

నా చేతిలోంచి కాగితాన్ని ఎవరో లాగారు. ఎర్సిలియా. ఆదివారం పూజకి వేసుకునే నల్ల గౌనులో ఉంది.

"నువ్వు దిగు అన్నయ్యా. ఈ ఊళ్ళో చచ్చినదాన్ని నేనే. వీలునామా నాది."

తొగ్నో చేయిచ్చి ఎక్కించాడు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకి ఇదీ నా పరాచికమే అనిపించింది. మేడ మీద నవ్వు ఆగిపోవడం నేనొక్కణ్ణే చూశాను. వాడు కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

నా కాగితం విప్పలేదది. చేతిలో ఉండగా నలిపేసింది. చూడకుండా చెప్పింది, పెద్ద గొంతుతో, ఏటి ఒడ్డున అవతలివాళ్ళని పిలిచినట్టు.

"పిలాదే మాస్టారికి నా చలవరాతి పలక. బరువుగా ఉంటుంది, దాని కింద పెడితే కాలర్లు వాటంతటవే ఇస్త్రీ అవుతాయి."

పంతులు టోపీ తీసి వంగాడు. జనం నవ్వారు.

"ఎవారిస్తో బెరార్దిగారికి, మీరు అమ్ముకున్న నా చావు మీకే. నా బతుకు మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. మీరు చాలా బాగా ఏడ్చారు బాబూ. ఇంక చాలు."

వాడు టోపీ తీశాడు. వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. నేను పదిహేనేళ్ళుగా చూడాలనుకున్నది అదే. చూశాను. నాకేమీ అనిపించలేదు, ఎందుకంటే అప్పటికే ఎర్సిలియా నా వైపు తిరిగింది.

"నా అన్న గాస్పరేకి నా పరుపు. అందులో ఏముందో వాడికొక్కడికే తెలుసు."

జనం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. "డబ్బు దాచిందిరోయ్!" అని ఎవడో అరిచాడు. నాలుగు వందల మంది నా వైపు చూస్తున్నారు. ఆచారం ఆచారమే.

టోపీ తీశాను. వంగాను.

తొగ్నో రంపం మొదలుపెట్టాడు. అత్తిపళ్ళు రాలాయి, నారింజలు దొర్లాయి, వాటి మీద నా ఉన్ని తెల్లగా ఎగిరింది. జనం ఎగబడ్డారు. నేను లేచేసరికి బండి మీద ఎర్సిలియా లేదు.

మార్చి 22

వాడు నిన్న సాయంత్రమే ఇంటికి వచ్చాడట. ఎర్సిలియా గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేసిందట. పక్కింటావిడ చెప్పింది. ఏం మాట్లాడారో ఆవిడకి వినపడలేదట. వినపడి ఉంటే చెప్పేది.

ఈ పొద్దున బండిలో పోయాడు. మేయరు భార్య పరుపు విప్పి చూసిందట. నాతో మాట్లాడదు.

మార్చి 23

ఎర్సిలియా వెళ్ళిపోయింది. వాడి దగ్గరికి కాదు. రిమినీలో సముద్రస్నానాలకొచ్చే వాళ్ళ బట్టలు ఉతికే చోట పని చూసుకుంది. ఎప్పుడు చూసుకుంది?

ఇస్త్రీపెట్టెలు రెండూ బుట్టలో పెట్టుకుంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నీ ఊపిరితిత్తుల కోసమే చేశానే" అన్నాను.

"తెలుసన్నయ్యా" అంది. "ఇరవై ఏళ్ళుగా ఎంత గట్టిగా ఉన్నాయో చూశావుగా. పక్కకి జరుగు."

జరిగాను.

తిట్టలేదు. ఒక్కమాట తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేవాణ్ణి. ఎలా తప్పించుకుందో చూడండి.

ఏప్రిల్ 13, ఈస్టర్

పలక బిగించారు. రాయి ముందే వచ్చేసింది, వెనక్కి పంపడమెందుకన్నాడు మేయరు. తొగ్నో నిచ్చెన మీంచి, "బాగా కుదిరిందిరా, ఇప్పుడు నిజంగానే ఇంట్లో లేదు కదా" అన్నాడు. పైపు మాట ఎత్తలేదు. మూడు వారాలుగా ఎవరూ ఎత్తడం లేదు.

బడిపిల్లల్ని పంతులు వరసగా తీసుకొచ్చాడు. టోపీలు తీసి నిలబడ్డారు. "ఏ జబ్బుతో పోయిందండీ?" అని ఒక పిల్ల అడిగింది నన్ను.

తలుపేసుకున్నాను.

మే 9

పరుపులు విప్పే నెల వచ్చింది. ఊళ్ళో పని బోలెడు. అన్ని ఇళ్ళవీ విప్పుతున్నాను, ఏకుతున్నాను, కుడుతున్నాను.

ఎర్సిలియా పరుపు మీద నేనే పడుకుంటున్నాను. నాకిచ్చింది కదా, పదిమందిలో. ఉన్ని సగమే ఉంది, మంచం చెక్కలు ఒత్తుకుంటాయి. ఎడమ పక్కకి తిరిగితే లోపల ఏదో గరగరమంటుంది. కాగితం చప్పుడు. తను ఆ ఉత్తరమే తిరిగి పెట్టిందో, తీసేసి తను రాసింది పెట్టిందో. చెస్ట్‌నట్ ముళ్ళతొక్కలైనా పెట్టి ఉండొచ్చు, నా చెల్లెలే కదా.

దాని కుట్టు నిజంగానే సన్నం. దబ్బనం మొన పెడితే రెండు నిమిషాల్లో విడిపోతుంది. దబ్బనం తలగడ కింద పెట్టుకున్నాను.

రేపు విప్పుతాను.